మా మేనత్త సిస్టర్. మాటపట్టుకు 50 ఏళ్లు. ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు, ఏం చెప్పాలి?

సిస్టరత్త మేనకోడలు

అందరికీ నమస్కారం. మా నాన్న చెల్లెలు కథోలిక సిస్టర్. ఇంట్లో పిల్లలమంతా ఆవిడను సిస్టరత్త అనే పిలుస్తాం. వచ్చే నెల ఆవిడ స్వర్ణ జూబిలీ, అంటే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత పాటిస్తానని మాటపట్టు (దేవుడి ముందు ప్రమాణం) చేసి 50 ఏళ్లు. పూజ అయ్యాక కుటుంబం తరఫున ఎవరైనా ఐదు నిమిషాలు మాట్లాడాలని మఠం నుంచి ఫోన్ వచ్చింది. నాన్న మైకు ముందు నిలబడితే ఏడుపు ఆపుకోలేరు. బాబాయి ససేమిరా అన్నారు. చివరికి నా మీద పడింది. అప్పటినుంచీ ఒకటే టెన్షన్.

ముందు లెక్క దగ్గరే గొడవ. ఆహ్వానంలో 50 ఏళ్లు అని వేశారు. నాన్న ఒప్పుకోవడం లేదు. "అది ఇల్లు వదిలి 54 ఏళ్లయింది, పెట్టె మోసింది నేను, నాకు తెలీదా" అంటున్నారు. వెళ్లేటప్పటికి అత్తకు 19, ఇప్పుడు 73. మరి ఆ నాలుగేళ్లు ఏమయ్యాయి?

ఇంకోటి, అందులో "మాటపట్టు పునరుద్ధరణ" అని ఉంది. నిత్య మాటపట్టు అంటే జీవితాంతం అని కదా, మళ్లీ చేయడమెందుకు? మధ్యలో గడువు తీరిపోతుందా?

కానుక సంగతీ తెలియడం లేదు. పేదరికం మాటపట్టు ఉన్న మనిషికి ఏమివ్వాలి?

అసలు కష్టం ప్రసంగం. అత్త నర్సు. ప్రసూతి వార్డులో 31 ఏళ్లు పనిచేశారు. "వేల పురుళ్లు పోశారు, తన జీవితాన్ని త్యాగం చేశారు, కొవ్వొత్తిలా కరిగిపోయారు" అని ఒక పేజీ రాశాను. రాత్రి పైకి చదువుకుంటే ఎవరైనా పోయినప్పుడు చదివే కాగితంలా వినిపించింది. అత్త ముందు వరుసలో కూర్చుని వింటారు. ఆవిడకు అలాంటిది వినిపించడం నాకు ఇష్టం లేదు. సాయం చేయండి.

---

గురువిద్యార్థి

మీ నాన్నగారి లెక్కా తప్పు కాదండి, ఆహ్వానంలో వేసిందీ తప్పు కాదు. ఇల్లు వదిలిన రోజు వేరు, మాటపట్టు చేసిన రోజు వేరు. వెళ్లగానే సిస్టర్ అయిపోరు. ముందు క్యాండిడేట్‌గా, పోస్టులెంట్‌గా కొంతకాలం ఉంటారు, అది ఒక్కో సభలో (సిస్టర్ల సంఘంలో) ఒక్కోలా ఉంటుంది. తర్వాత నోవిషియేట్, అంటే మాటపట్టుకు ముందు శిక్షణ కాలం. ఇప్పటి శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం (1983) ప్రకారం అది కనీసం 12 నెలలు ఉండాలి, మామూలుగా రెండేళ్లు దాటకూడదు. అది అయ్యాకే ప్రథమ మాటపట్టు. మీ నాలుగేళ్లు అక్కడే ఉన్నాయి. చాలా సభల్లో జూబిలీని ప్రథమ మాటపట్టు రోజు నుంచే లెక్కపెడతారు.

ఆ ప్రథమ మాటపట్టుకు మాత్రం నిజంగానే గడువుంటుంది. మూడేళ్ల నుంచి ఆరేళ్లు, అవసరమైతే మొత్తం తొమ్మిదేళ్ల దాకా పొడిగిస్తారు. ఆ తర్వాత నిత్య మాటపట్టు. అది ఒక్కసారే, దానికి గడువు లేదు. జూబిలీ రోజు చేసే పునరుద్ధరణ వల్ల చట్టం దృష్టిలో కొత్తగా చేరేదేమీ లేదు. పెళ్లయి 50 ఏళ్లయిన దంపతులు గుడిలో ఆనాటి ప్రమాణం మళ్లీ చెప్పుకుంటారు చూడండి, అలాంటిది. 25, 50 ఏళ్ల జూబిలీలకు పూజాగ్రంథంలోనే ప్రత్యేక ప్రార్థనలు ఉన్నాయి.

లెక్క అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 1633లో విన్సెంట్ డి పాల్, లూయీజ్ డి మరియాక్ స్థాపించిన డాటర్స్ ఆఫ్ చారిటీలో నిత్య మాటపట్టు అనేదే లేదు. ఏటా, మామూలుగా మార్చి 25న మంగళవార్త పండుగ రోజు, మళ్లీ ఒక ఏడాదికి మాటపట్టు చేస్తారు. వాళ్లు లెక్కపెట్టుకునేది సభలో చేరిన రోజు నుంచి. 118 ఏళ్లు బతికి 2023 జనవరిలో కన్నుమూసిన ఫ్రాన్స్ దేశపు సిస్టర్ ఆంద్రే ఆ సభవారే. 1944లో, 40 ఏళ్ల వయసులో చేరారు. అంత ఆలస్యంగా చేరినా 78 ఏళ్లు ఆ జీవితంలో ఉన్నారు. నాకు ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది, అందుకే రాశాను.

---

పాత నోవిస్

అమ్మా, నేనూ సిస్టర్‌నే. నా స్వర్ణ జూబిలీ అయి మూడేళ్లయింది. పనికి టీచర్ని. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మా నోవిషియేట్‌లో పదకొండుమందిమి. ప్రథమ మాటపట్టు చేసింది ఏడుగురం. జూబిలీ రోజు బలిపీఠం ముందు నిలబడింది నలుగురం. ఒకరు చనిపోయారు, ఇద్దరు మధ్యలో వెళ్లిపోయారు. ఆ వెళ్లిన ఇద్దరిలో ఒకామె మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి రెండో వరుసలో కూర్చుంది. నోవిషియేట్‌లో నా పక్క మంచం ఆమెదే. పూజ అయ్యాక నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఫోటోలో నలుగురమే ఉన్నాం గానీ ఆ రోజంతా నా మనసులో పదకొండు పేర్లూ తిరుగుతూనే ఉన్నాయి.

మాటపట్టు కాగితం ఎప్పుడైనా చూశావా? మా సభలో సొంత చేతిరాతతో రాసుకుని, పూజలో అందరి ముందూ చదివి, బలిపీఠం మీదే పెట్టి సంతకం చేస్తాం. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ మఠాల కోసం రాసిన నియమావళి 58వ అధ్యాయంలోనే ఇది ఉంది. చేరేవాళ్లు తమ చేత్తో రాసి, తమ చేత్తో బలిపీఠం మీద పెట్టాలి అని. జూబిలీకి వారం ముందు మా పాత రికార్డులు చూసుకునే సిస్టర్ ఫైలు వెతికి నా కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. 21 ఏళ్ల పిల్ల రాత. ఎంత ఒత్తి రాశానంటే, కాగితం తిప్పి వెనకవైపు తడిమితే అక్షరాలు వేలికి తగులుతున్నాయి. "విధేయత" అన్న మాట దగ్గర సిరా మరక. ఆ రోజు పొద్దున పెన్ను కక్కింది. మళ్లీ రాసే టైమ్ లేదు. మాకు శిక్షణ ఇచ్చే సిస్టర్, నోవిస్ మిస్ట్రెస్, బ్లాటింగ్ కాగితం అద్ది, "పర్లేదు, దేవుడు చదువుకుంటాడులే" అన్నారు.

మూడింటిలో నన్ను ఏడిపించింది ఆ మరక పడ్డ మాటే. పేదరికం అలవాటైపోతుంది. బ్రహ్మచర్యం కష్టమే, లేదనను. కానీ ఒకే స్కూల్లో 22 ఏళ్లు పనిచేశాక ఒక రోజు ప్రొవిన్షియల్ (మా ప్రాంతపు మఠాలన్నిటికీ పెద్ద) దగ్గర్నుంచి మూడు లైన్ల ఉత్తరం వచ్చింది, ఇంకో కాన్వెంట్‌కు వెళ్లి జమాఖర్చుల పుస్తకాలు చూసుకోమని. ఏడాది మధ్యలో. నా క్లాసు పిల్లలకు వెళ్లొస్తానని చెప్పుకోవడానికి రెండు రోజులే దొరికాయి. కొత్త చోట రెండు నెలల పాటు చాపెల్‌లో అందరూ కీర్తనలు పాడుతుంటే నేను పుస్తకం తెరిచి ఊరికే నిలబడేదాన్ని. మా సుపీరియర్ (మఠం పెద్ద) చూశారు, ఏమీ అనలేదు. అలా వదిలేసినందుకు ఆవిడకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

జూబిలీ పూజలో ఆ పాత కాగితమే పట్టుకుని చదివాను. మరక దగ్గరకొచ్చేసరికి గొంతు ఆగిపోయింది. పక్కనున్న సిస్టర్ నా మోచేయి పట్టుకుంది. ఆమెకు ఆ ఉత్తరం సంగతి తెలుసు. తర్వాత చదివేశాను. మోకాళ్లు వంగవు కాబట్టి కుర్చీ వేశారు గానీ, ఆ ఒక్క వాక్యం నిలబడే చదివాను. పునరుద్ధరణ ఎందుకని అడిగావు కదా. 21 ఏళ్లప్పుడు ఆ మాటలో ఏముందో తెలియకుండా ఇచ్చాను. తెలిశాక ఇంకోసారి ఇవ్వాలనిపించింది.

నీ కాగితంలో "త్యాగం" అన్న మాట కొట్టెయ్. కొవ్వొత్తిని కూడా. మంచి మనసుతోనే రాశావు, కాదనను. కానీ అది వింటూ కూర్చోవడం మాకు ఇబ్బంది. జీవితమంతా నష్టపోయినట్టు, అందరూ జాలిపడుతున్నట్టు ఉంటుంది. నేను నష్టపోలేదమ్మా. మీ అత్త కూడా అలా అనుకోరనే నా నమ్మకం.

పురుళ్ల లెక్క ఒక వాక్యంలో చెప్పు, చాలు. తర్వాత మళ్లీ స్కూలుకే వచ్చాను, 65 ఏళ్లకు అక్కడి నుంచీ పంపించేశారు. ఆ తర్వాత ఏడాది దాకా నేనెవరినో నాకే తెలియలేదు. పొద్దున్నే లేచి చాక్‌పీసు లేని చెయ్యి చూసుకునేదాన్ని. బైబిల్లో లేవీయ కాండం 25వ అధ్యాయం అప్పుడు మళ్లీ చదివాను. జూబిలీ అన్న మాట అక్కడిదే. 50వ ఏడు బూర ఊది చాటించాలి, బానిసలు విడుదలై ఇళ్లకు వెళ్లాలి, అమ్ముకున్న భూమి తిరిగి రావాలి అని ఉంటుంది. విత్తొద్దు, కోయొద్దు అని కూడా ఉంది. అంతకుముందు ఎన్నిసార్లు చదివినా ఆ మాట నా కంట పడలేదు. పండించని ఏడాది కూడా పవిత్రమైనదే అని రాసి ఉంటే, నేను మూడు నాలుగు వారాలు ఆ పేజీ దగ్గరే ఉండిపోయాను.

ఇప్పుడే అత్తకు ఫోన్ చెయ్. ఇవి అడుగు: నీ బ్యాచ్‌లో ఎవరెవరు? ఇప్పుడు నీ రోజు ఎలా గడుస్తుంది? ప్రథమ మాటపట్టు రోజు ఇంటి నుంచి ఎవరొచ్చారు? అడిగేసి ఊరుకో. మధ్యలో ఏమీ అందించకు. నువ్వు చెప్పాల్సింది ఆ జవాబుల్లోనే దొరుకుతుంది.

---

ఇద్దరన్నల్లో చిన్నవాణ్ణి

సిస్టర్ గారు రాసింది రెండుసార్లు చదివాను. కానుక గురించి నా అనుభవం చెప్తాను.

మా చెల్లెలు కూడా సిస్టరే, నర్సే. అది మఠంలో చేరడం నాకు ఇష్టం లేదు. మాటపట్టుకు వెళ్లలేదు. రజత జూబిలీకి కార్డు పంపితే జవాబు రాయలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది. స్వర్ణ జూబిలీకి వెళ్లాను. పాతికేళ్ల బాకీ తీర్చాలన్నట్టు ఖరీదైన చేతి గడియారం కొని పట్టుకెళ్లాను. పెట్టె తెరిచి చూసి మురిసిపోయింది. నా ముందే పెట్టుకుంది.

మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్తే దాని చేతికి పాత గడియారమే ఉంది. నాది ఒక చిన్న సిస్టర్ చేతికి ఉంది. మనసు చివుక్కుమంది. అడిగేశాను. "ఆ పిల్ల ఇప్పుడే వార్డులో చేరింది అన్నయ్యా. నాడి చూసేవాళ్లకి సెకన్ల ముల్లు కావాలి. నేనిప్పుడు ఎవరి నాడి చూస్తాను?" అంది. మాకు ఏది వచ్చినా అందరిదీ, సుపీరియర్‌కు చెప్పే ఇచ్చాను అని కూడా చెప్పింది. ఆ చిన్న సిస్టర్‌ను పిలిచి, గడియారం ఇచ్చింది ఈయనే అని పరిచయం చేసింది. ఆ అమ్మాయి ముల్లు చూస్తూ నా నాడి లెక్కపెట్టి చెప్పింది. 84.

అందుకని కొనేముందు సుపీరియర్ గారిని అడగండి. మఠంలో అందరికీ పనికొచ్చేదేదో వాళ్లకు తెలుసు. ఒకవేళ ఏదైనా ఇస్తే, అది ఎవరి దగ్గర కనబడినా బాధపడకండి. ఇంకోటి, ఉత్తరాలు రాయండి. నేను జవాబు రాయకపోయినా అది ఏటా నా పుట్టినరోజుకు రాసింది. అవన్నీ నా దగ్గరున్నాయి, నేను రాసినవే దాని దగ్గర లేవు.

---

సిస్టరత్త మేనకోడలు

అందరికీ చాలా థాంక్స్. సిస్టర్ గారూ, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి ఫోన్ చేశాను. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఇన్నేళ్లలో అత్తతో అంతసేపు మాట్లాడటం ఇదే మొదలు.

బ్యాచ్‌లో తొమ్మిదిమందట. పేర్లన్నీ వరసగా చెప్పారు, ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు ఆవిడ పని, మంచం పట్టిన పెద్ద సిస్టర్లకు రాత్రిపూట పక్కన కూర్చోవడం. "అప్పుడు పుట్టేవాళ్ల కోసం మేలుకునేదాన్ని. ఇప్పుడు వెళ్లిపోయేవాళ్ల కోసం. నిద్ర ఆపుకోవడం మాత్రం బాగా వచ్చు" అన్నారు.

ఇంటి నుంచి ఎవరొచ్చారని అడిగితే కాసేపు మాట్లాడలేదు. మీరు చెప్పారని నేనూ ఊరుకున్నాను. తాతయ్య ఒక్కరే వచ్చారట. వెనక తలుపు దగ్గర నిలబడి, అత్త సంతకం చేశాక ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయారట. నాన్నకు కూడా ఈ సంగతి తెలియదు. తాతయ్య అసలు వెళ్లలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాం. పది రోజుల తర్వాత ఉత్తరం రాశారట. అత్త దాన్ని ప్రార్థన పుస్తకంలోనే ఉంచుకున్నారు. పొద్దున ఫోటో తీసి పంపారు. మడతల దగ్గర చిరిగితే వెనక సన్న కాగితం అంటించారు.

నాలుగే లైన్లు. పొలం సంగతి ఒకటి, నానమ్మ కంటి సంగతి ఒకటి. ఇంటికి రమ్మని లేదు, దీవెనలని లేదు. చివర్లో ఇలా ఉంది: "నీకు జ్వరమొస్తే చెప్పకుండా తిరుగుతావు. అక్కడ అలా చెయ్యకు. వాళ్లకు చెప్పు."

చదివి వినిపించనా అని అత్తను అడిగాను. సరేనన్నారు. ముందు వెళ్లి నాన్నకు చూపించాలి.