టెంపో మ్యాప్ రికార్డింగు నుంచి తీసుకోవడం తప్పా? (బీథోవెన్ ఐదో సింఫనీ, మొదటి భాగం)

మారేడ్‌పల్లి_మిడి
హైదరాబాద్‌లో సరదాకి ఆర్కెస్ట్రా ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో నోట్స్ ఎక్కించి, రికార్డు చేసిన వాద్యాల శబ్దాలతో మోగించడం) చేసే మన గుంపులో ఈ గొడవ ఎంతకీ తెగట్లేదు. మొదటి భాగం 502 బార్లు. స్కోరు చూసి నోట్స్ ఎక్కించాం సరే, వేగం ఎక్కణ్నుంచి తేవాలి? మంచి రికార్డింగు ఒకటి ట్రాక్‌గా పెట్టుకుని, దాని బీట్లకు టెంపో మ్యాప్ (ఎక్కడ ఎంత వేగం అన్న లెక్క) కట్టేయొచ్చా? లేక అది ట్రేసింగేనా, అంటే ఇంకొకరి గీతల మీద గీయడమేనా?

కోఠి_వయోలా
ట్రేసింగే. స్వరాలు బీథోవెన్‌వి. బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ అనే శాంపిల్ ప్లగిన్ (రికార్డు చేసిన వాద్యాల శబ్దాల లైబ్రరీ) వాడితే శబ్దాలు లండన్ మైదా వేల్ స్టూడియోలో వాయించినవాళ్లవి. కండక్టర్ పని కూడా అరువు తెచ్చుకుంటే ఇక మన వంతు ఏముంది?

ఆధారం కావాలంటే 1817లో బీథోవెన్ ఇచ్చిన మెట్రోనోమ్ గుర్తు ఉంది: హాఫ్ నోట్ 108, అంటే నిమిషానికి 108 హాఫ్ నోట్లు (ఇక్కడ ఒక బార్ అంటే ఒక హాఫ్ నోట్, రెండు క్వార్టర్లు). రీపర్ సాఫ్ట్‌వేర్ మామూలుగా క్వార్టర్ నోట్ లెక్క తీసుకుంటుంది కాబట్టి 216 కొట్టాలి. అక్కడ 108 కొట్టి, "ఇంత నీరసంగా ఉందేంటి" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఫెర్మాటాలు (స్వరాన్ని నిలిపి ఉంచమనే గుర్తులు) చేత్తో పెట్టుకోవచ్చు. రెండో బార్ మొదట్లో 72 మార్కర్ (అక్కణ్నుంచి వేగం మార్చే గుర్తు), మూడో బార్‌లో మళ్లీ 216. ఆ బార్ సుమారు 1.7 సెకన్లు నిలుస్తుంది. మార్కర్ చతురస్రం రకంలో ఉండాలి. ఏటవాలు రకం పెడితే వేగం మెల్లగా పెరుగుతూ పోయి, నిలిచే కాలం తగ్గిపోతుంది. రెండో ఫెర్మాటా అయిదో బార్‌కే. నాలుగో బార్ స్వరం టైతో (రెండు నోట్లను ఒకటిగా కలిపే గీత) అయిదో బార్‌లోకి సాగుతుంది. నాలుగో బార్ 216లోనే పోనివ్వండి, లేకపోతే ఆ టై ఉన్నా లేనట్టే. నిలపడం కోసం ఖాళీ బార్లు మాత్రం చొప్పించకండి, ఆ తర్వాత బార్ నంబర్లు స్కోరుతో కలవవు.

సైనిక్‌పురి_బాసూన్
అన్నా, 216 పెట్టి చివరిదాకా ఒకటే తీరుగ నడిపిస్తే గది సింఫనీ ఎట్లైతది, కుట్టుమిషన్ చప్పుడైతది. సినిమా పాటలకు క్లిక్ (మెట్రోనోమ్ చప్పుడు) మీద ప్రోగ్రామింగ్ చేసి చేసి మనోళ్ల చెవులకు కదలని టెంపోనే కరెక్ట్ అనిపిస్తది. ఆర్కెస్ట్రా ఎక్కడ సాగుతదో, ఎక్కడ ఊపిరి తీస్తదో రికార్డింగులల్ల వినక ఇంకెక్కడ నేర్చుకోవాలె? మన ఊర్ల ఫుల్ ఆర్కెస్ట్రా రోజూ దొరుకుతదా?

ట్యాప్ చేసుడు (రికార్డింగు వినుకుంట బీటుకు వేలు కొట్టి మ్యాప్ కట్టుడు) మాత్రం తెలివిగ చేయాలె. బారుకొక బీటు లెక్కన 108 వేగంల బీటుకు బీటుకు నడుమ 556 మిల్లీసెకన్లు. వేలు 20 మిల్లీసెకన్లు అటిటు అయితే ఆ ఒక్క బీట్‌ల టెంపో 104కో 112కో పోతది. ప్రతి బీట్ ట్యాప్ చేసినోళ్ల మ్యాప్ వణికేది అందుకే. నాలుగు బార్లకు ఒక మార్కర్ పెట్టుండ్రి. 2.2 సెకన్లల 20 మిల్లీసెకన్ల తప్పంటే ఒక్క శాతం కూడా కాదు. ఫెర్మాటాలకు విడిగ పెట్టాలె. రెండర్ చేసే (ఆడియో ఫైలుగ తీసే) ముందు రికార్డింగు ట్రాక్ మ్యూట్ చేసుడు మర్వకుండ్రి.

ఓబో_ఒక్కటే
మ్యాప్ ఎవరిదైనా, మొదటి నాలుగు స్వరాల దగ్గరే దొరికిపోతారు. మూడు జి-లు స్పిక్కాటో (విల్లు ఎగరేసి పొట్టిగా వాయించిన శాంపిల్), తర్వాతి ఇ-ఫ్లాట్ లాంగ్ (సాగదీసి వాయించిన శాంపిల్). లాంగ్ శాంపిల్ నింపాదిగా లేస్తుంది కాబట్టి గ్రిడ్ (బీట్ గీతలు) మీదే ఉన్నా ఆలస్యంగా వినిపిస్తుంది. రెండూ ఒకే ట్రాక్‌లో ఉంటే ఒక ఆఫ్‌సెట్ (ముందుకు జరిపే కాలం) రెండింటికీ సరిపోదు. విడి ట్రాకులు చేయండి. ఒక్కో దానిలో ఒక నోట్ రెండర్ చేసి, గ్రిడ్ గీత నుంచి శబ్దం నిండుగా లేచేదాకా ఎన్ని మిల్లీసెకన్లో కొలిచి, అంత ముందుకు జరపండి. అలా జరపడానికి చోటుండేలా మొదట్లో ఒక ఖాళీ బార్ ఉంచి, స్కోరు నంబర్లు తప్పకుండా ప్రాజెక్టు బార్ నంబరు సున్నా నుంచి మొదలుపెట్టండి.

డిస్కవర్‌లో స్పిక్కాటో బలం వెలాసిటీది (కీ ఎంత గట్టిగా నొక్కామన్న విలువ), లాంగ్ బలం సీసీ 1ది (కీబోర్డు పక్క వీల్ పంపే విలువ). ఇ-ఫ్లాట్ వెలాసిటీ 127 చేసినా మార్పుండదు. నోట్ కంటే కాస్త ముందే సీసీ 1 విలువ పెట్టాలి, లేకపోతే ప్లగిన్ పాత విలువే పట్టుకుంటుంది. సీసీ 11 (వాల్యూమ్ లాంటి ఇంకో కంట్రోలర్) తగ్గిస్తే ధ్వని మెత్తబడదు, శబ్దం తగ్గుతుంది అంతే.

ఇంకోటి: ఇక్కడ తీగవాద్యాలతో పాటు వాయించేది క్లారినెట్లే, అవి బి-ఫ్లాట్‌వి. స్కోరులో ఎ అని రాసుంటే మోగేది జి. ఉన్నదున్నట్టు ఎక్కిస్తే మొదటి దెబ్బకే అపస్వరం.

కోఠి_వయోలా
బాసూన్ గారూ, కుట్టుమిషన్ మాట ఒప్పుకుంటాను. అయితే రెండు మూడు రికార్డింగులు విని, ఎక్కడ సాగదీస్తున్నారో మాత్రం రాసుకోండి. ఎంత అన్నది మనమే తేల్చుకోవాలి.

సైనిక్‌పురి_బాసూన్
"ఎంత" అన్నదాంట్లనే కదన్నా మొత్తం విద్య ఉన్నది! ముందు ఒక కండక్టర్ లెక్క పూర్తిగ దింపి చూస్తే గదా మనది ఏడ తేలిపోతున్నదో తెలిసేది. అప్‌లోడ్ చేసేటప్పుడు మ్యాప్ ఎవరి రికార్డింగుదో రాస్తే సరి.

మారేడ్‌పల్లి_మిడి
మరి 268వ బార్‌లో ఓబో ఒంటరిగా వాయించే అడాజియో? అక్కడ బీటే లేదు, ట్యాప్ చేయడానికేముంది?

ఓబో_ఒక్కటే
అక్కడ మీ ఇద్దరి పద్ధతీ పనికిరాదు. క్లిక్ ఆపేసి, సీసీ 1 వీల్ మీద ఎడమ చెయ్యి ఉంచి, కుడిచేత్తో కీబోర్డు మీద వాయించండి. క్వాంటైజ్ (నోట్స్‌ని గ్రిడ్‌కు అంటించడం) వద్దు. తర్వాత ఆ బార్ టెంపో తగ్గించి, వాయించినదంతా బార్ లోపల ఇమిడేలా సర్ది, 269 మొదట్లో 216 మార్కర్ పెట్టండి. సర్దేటప్పుడు నోట్స్ సెకన్ల లెక్కలో కదలకుండా ఉండాలి. బీట్ల లెక్కలో ఉంటే టెంపో మార్చగానే వాయించిందంతా సాగిపోతుంది.