కన్యాదానం చేసే అన్నయ్యకి ఏ పంచె బాగుంటుంది?

మే నెలలో రాజమండ్రిలో మా చెల్లి పెళ్లి. నాన్నగారు లేరు, కన్యాదానం నేనూ మా ఆవిడా చేయాలి. పట్టు పంచె కొనమంటున్నారు. ఆ ఎండల్లో, హోమం పక్కన గంటల తరబడి కూర్చోగలనా? పంచె కట్టడం కూడా రాదు.

జవాబు 1: తమ్ముడూ, మంగళగిరి నూలు పంచె తీసుకో. సన్న జరీ అంచుంటే చాలు, నిండుగా ఉంటుంది. 4 మీటర్లది అడుగు. 2 మీటర్లదైతే గోచీ పెట్టి కట్టడానికి చాలదు. కొత్తది గంజితో బిరుసుగా ఉంటుంది, ముందే ఓసారి తడిపి ఆరేయి. పెళ్లికొడుకు కాళ్లు కడిగేటప్పుడు నీళ్లు, పసుపు మీద పడతాయి. నూలైతే ఉతుక్కోవచ్చు.

జవాబు 2: వెల్‌క్రో పంచెలు వద్దండీ. బాసింపట్టు వేసి కూర్చుంటే నడుం దగ్గర ఊడిపోతాయి. మామూలు పంచే కట్టి, లోపల బెల్టు పెట్టుకోండి. చొక్కా ఉంచాలా, ఉత్తరీయమే కప్పుకోవాలా అన్నది పురోహితుడిగారిని ముందే అడగండి.

ప్రశ్న అడిగినవారు: అన్నయ్యా, నూలుదే ఖాయం చేశాను. కట్టడం మా బాబాయి నేర్పుతానన్నారు. రిసెప్షన్‌కి మాత్రం పట్టు కడతాను, చెల్లి కోరిక అది.