కార్టెక్స్‌లో హద్దులు గీసేది జన్యువులా, థాలమస్ తంతువులా?

వైద్య విద్యార్థి, గుంటూరు:
చిట్టెలుక పిండంలో ముందు మెదడు పెరిగేటప్పుడు కార్టెక్స్‌లో, అంటే మెదడు పైపొరలో, చూపుకు ఒక చోటు, స్పర్శకు ఒక చోటు ఎలా ఏర్పడతాయన్న ప్రశ్న మీద మా తరగతి రెండుగా చీలింది. ఆ చోట్లు పుట్టుకణాల్లోనే ముందుగా నిర్ణయమై ఉంటాయని 1988లో నాడీశాస్త్రవేత్త పాస్కో రాకిచ్ ప్రతిపాదించారు. మరుసటి ఏడాది డెన్నిస్ ఓలియరీ, కార్టెక్స్ మొదట్లో చాలావరకు ఒకే తీరుగా ఉంటుందనీ, ఇంద్రియాల సంకేతాలను కార్టెక్స్‌కు అందించే మెదడు లోపలి భాగమైన థాలమస్ నుంచి వచ్చే నాడీ తంతువులే దానికి పనులు పంచుతాయనీ వాదించారు. నేను ఓలియరీ పక్షం. 1991లో ఆయన, బ్రాడ్లీ ష్లాగర్ కలిసి ఎలుక పిండపు చూపు ప్రాంతం నుంచి తీసిన ముక్కను పుట్టిన పిల్ల స్పర్శ ప్రాంతంలో నాటితే, మీసానికొకటి చొప్పున ఉండే కణాల గుత్తులు, అంటే బ్యారెల్స్, అందులోనూ ఏర్పడ్డాయి.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు, విజయవాడ:
ఆ ప్రయోగం బలమైనదే, కానీ అది తంతువులు గమ్యం చేరిన తరువాతి కథ. అవి ఏ చోటికి చేరాలో చెప్పేది ఏమిటి? కార్టెక్స్ ముందు కొసన ఎఫ్‌జీఎఫ్8 అనే ప్రోటీన్ స్రవిస్తుంది. 2001లో తొమోకో ఫుకుచి-షిమోగోరి, ఎలిజబెత్ గ్రోవ్, గర్భంలో ఉన్న చిట్టెలుక పిండానికే విద్యుత్ స్పందనలిచ్చి, ఆ ప్రోటీన్ జన్యువును వెనుక కొసలోని కణాల్లోకి పంపారు. అప్పుడు ఉన్న బ్యారెల్స్ క్షేత్రానికి తోడు, పాక్షికంగానైనా, రెండోది పుట్టుకొచ్చింది. ముందు కొసన అదే ప్రోటీన్‌ను పెంచితే క్షేత్రం వెనక్కి, దాని పనిని అడ్డుకుంటే ముందుకు జరిగింది. దీని తరువాత జన్యువులది చిన్న పాత్ర అనడం నాకు సాధ్యం కాదు. అంతకు ముందే, 1999లో, జీబీఎక్స్2 అనే జన్యువు లోపించి థాలమస్ తంతువులు కార్టెక్స్‌ను చేరని చిట్టెలుక పిల్లల్లోనూ జన్యువుల ప్రాంతీయ హద్దులు మామూలుగానే కనిపించాయి. అయితే ఆ పిల్లలు పుట్టగానే చనిపోతాయి కనుక బ్యారెల్స్ దశను చూడలేకపోయారు. అది చిన్న లోటు కాదు.

వైద్య విద్యార్థి, గుంటూరు:
ఆ లోటే నా వాదనకు ఆధారం, మేడమ్. పుట్టిన తొలి రోజుల్లో ఒక మీసాల వరుసను దెబ్బతీస్తే కార్టెక్స్‌లో ఆ వరుస బ్యారెల్స్ సరిగా ఏర్పడవని 1973లోనే వాన్ డెర్ లూస్, వుల్సీ చూపించారు కదా.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు, విజయవాడ:
చూపించారు. కానీ క్షేత్రం ఎక్కడ ఉండాలన్నది ఒక నిర్ణయం, దాని లోపలి అమరిక మరొకటి. మొదటిది జన్యువులది, ముందు జరిగేదీ అదే. కృష్ణా డెల్టాలో నేల వాలును బట్టి నీరు సాగుతుంది, సాగిన నీరే మళ్లీ గట్లను కోస్తుంది. మీ పక్షానికి ఇంకా గట్టి సాక్ష్యం 2013లో వచ్చింది: చిట్టెలుకలో థాలమస్ చూపు తంతువులు అందకపోతే, ప్రాథమిక చూపు ప్రాంతానికీ దాని చుట్టూ ఉన్న ఉన్నత ప్రాంతాలకీ మధ్య జన్యు వ్యక్తీకరణలో ఉండాల్సిన తేడాయే ఏర్పడదు.