రోజుకు 40 కిలోమీటర్లు: స్కూటరా, బైకా? మెయింటెనెన్స్ దేనికి ఎక్కువ?

గుంటూరు కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగం మంగళగిరిలో. రానూ పోనూ రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. ఇన్నాళ్లూ బస్సులోనే తిరిగాను. ఇప్పుడు షిఫ్టు మారింది, రాత్రి తొమ్మిది దాటాక హైవే మీద బస్సు కోసం నిలబడాలంటే టెన్షన్‌గా ఉంటోంది. అందుకే బండి కొందామనుకుంటున్నాను.

ఇంట్లో రెండు పార్టీలు. నాన్న 100 సీసీ బైక్ తీసుకోమంటున్నారు. నా భార్య స్కూటర్ అయితే తనూ నడుపుతానంటోంది. కొనే ధరలో పెద్ద తేడా లేదు, 2025 సెప్టెంబరులో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక రెండూ దిగాయి. నేను అడిగేది కొన్న తర్వాత ఖర్చు గురించి. పెట్రోలు, సర్వీసింగ్, టైర్లు, స్పేర్లు అన్నీ కలిపితే స్కూటర్‌కి నిజంగా ఎక్కువవుతుందా, లేక అది పాతకాలం మాటా?

ఎలక్ట్రిక్ గురించి దయచేసి చెప్పకండి. అద్దె ఇల్లు, మూడో అంతస్తు, కింద ప్లగ్ పాయింట్ లేదు.

లెక్కల మాస్టారు

బాబూ, నెలకు వెయ్యి కిలోమీటర్లంటే ఏడాదికి 12,000. లీటరు 110 రూపాయలు వేసుకుందాం. 110 సీసీ స్కూటర్ రోడ్డు మీద 45 ఇస్తుంది. కంపెనీ వాళ్లు చెప్పే అంకె పక్కన పెట్టండి. 100 సీసీ బైక్ 60 ఇస్తుంది, జాగ్రత్తగా నడిపేవాళ్లకి ఇంకా ఎక్కువే వస్తుంది.

స్కూటర్: 12,000ని 45తో భాగిస్తే సుమారు 267 లీటర్లు, అంటే 29,300 పైమాటే. బైక్: 200 లీటర్లు, 22,000. ఒక్క పెట్రోలులోనే ఏడాదికి 7,300 తేడా. ఐదేళ్లకు 36,000 దాటుతుంది. మీరు ఇన్సూరెన్స్, ఆయిలు, పంక్చర్లు అంటూ ఎన్ని లెక్కలేసినా దీని ముందు అవి చిల్లర. మీ నాన్నగారి మాట వినండి.

వైజాగ్ రైడర్

మాస్టారూ, మీ లెక్కలో తప్పు లేదు, కానీ అది ఒక్క మనిషి లెక్క. ఆయన భార్య కూడా బండి నడుపుతానంటోంది కదా. ఆ బండి మీద పిల్లల్ని బడిలో దించితే స్కూల్ ఆటో డబ్బులు మిగులుతాయి. మా వీధిలో ఒక్కో పిల్లకి నెలకు 1,200 తీసుకుంటున్నారు. పది నెలలకి 12,000. మీ 7,300 ఎక్కడికి పోయింది మరి?

బైక్ కొంటే ఆడవాళ్లు నడపలేరని నేననను, నడిపేవాళ్లున్నారు. కానీ చీరలో, వెనక పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని, ముందు కూరగాయల సంచీ పెట్టుకుని వెళ్లడానికి గేర్ల బండి కుదరదు. కుదరని బండి ఇంటి ముందు ఉన్నా మళ్లీ ఆటోకి చెయ్యెత్తాల్సిందే. ఆ ఆటో డబ్బులు ఏ ఖాతాలో రాస్తారు?

లెక్కల మాస్టారు

అమ్మా, మీరు చెప్పింది నిజమే, బండి ఇంట్లో ఉంటే. ఆయన దాన్ని పొద్దున్నే మంగళగిరి తీసుకెళ్లి రాత్రి తొమ్మిదికి తెస్తాడు. బండి పగలంతా ఆఫీసు స్టాండులో ఉంటే ఆవిడ పిల్లల్ని దేని మీద దించాలి? బండి ఒకటే, కావాల్సింది ఇద్దరికీ ఒకే టైముకి.

షెడ్డు అన్న (తెనాలి)

రెండు రకాల బళ్లూ రోజూ విప్పుతాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

స్కూటర్ బరువు ఎక్కువ, అందుకే పెట్రోలు తాగుతుంది అంటారు చాలామంది. అది కాదు. 110 స్కూటర్, 100 బైక్ రెండూ అటూ ఇటూగా 110 కిలోలే. తేడా అంతా ఇంజిన్ శక్తి చక్రానికి చేరే దారిలో ఉంది. బైక్‌లో పళ్ల గేర్లు, చైను. ఆ దారిలో వృథా తక్కువ. స్కూటర్‌లో రెండు పుల్లీల మధ్య రబ్బరు బెల్టు. అది పుల్లీని గట్టిగా పట్టుకుంటేనే బండి కదులుతుంది, ఆ పట్టులోనే కొంత శక్తి వేడిగా పోతుంది. పైగా వేగం పెరిగితే విచ్చుకునే క్లచ్ షూస్, వాటి చుట్టూ గిన్నెలా ఉండే బెల్‌ని పట్టేదాకా ఇంజిన్ ఊరికే అరవాలి. సిగ్నల్ దగ్గర ఆగి కదిలిన ప్రతిసారీ ఇదే తంతు.

ఇక టైర్లు. చాలా స్కూటర్లకి వెనక చక్రం 10 అంగుళాలు, బైక్‌కి 18. టైరు ఎత్తు కూడా కలిపి లెక్కేస్తే కిలోమీటరుకు స్కూటర్ వెనక టైరు 730 చుట్లు తిరిగితే, బైక్ టైరు 515 చుట్లే తిరుగుతుంది. అదీగాక స్కూటర్‌లో ఇంజిన్ మొత్తం వెనక చక్రం పక్కనే వేలాడుతుంది, బరువంతా దాని మీదే. అందుకే బైక్ వెనక టైరు 25, 30 వేలు నడిచే చోట స్కూటర్‌ది 15 నుంచి 20 వేలకే నున్నగా అయిపోయి వస్తుంది. స్కూటర్ టైరు ధర కాస్త తక్కువ కాబట్టి డబ్బుల్లో మరీ అంత తేడా రాదు. 12 అంగుళాల చక్రాలున్న స్కూటర్లూ ఉన్నాయి, అవి కొంత నయం. ఇంకోటి, కొన్ని స్కూటర్లకి వెనక చక్రం ఊడదీయాలంటే ముందు సైలెన్సర్ విప్పాలి. ఆ కూలీ కూడా కలుపుకోండి.

చైను సంగతికొస్తే, బైక్‌కి చైన్ స్ప్రాకెట్ సెట్టు (చైను, దాని పళ్ల చక్రాలు) 100 సీసీలో వెయ్యి నుంచి 1,300 వరకు ఉంటుంది. మీరు 500, 600 కిలోమీటర్లకోసారి నూనె రాస్తే 25 వేలు దాటుతుంది. రాయకపోతే పదిహేను వేలకే టకటకమంటుంది. వానాకాలంలో బురద పట్టిన చైనుని అలాగే తోలే కుర్రాళ్లు ఎంతమందో. స్కూటర్‌లో రాసే పనేమీ లేదు. కానీ 20 నుంచి 25 వేల మధ్య బెల్టు, పుల్లీ లోపల ఉండే చిన్న రోలర్లు మార్చాలి. ఒరిజినల్ సామాను వేస్తే కూలీతో కలిపి వెయ్యి నుంచి 1,500. అప్పటికే క్లచ్ షూస్ అరిగి ఉంటే ఇంకో వెయ్యి పైన.

ఇవన్నీ ఏడాదికి సర్దితే స్కూటర్‌కి బైక్ కంటే ఓ వెయ్యి రూపాయలు ఎక్కువ పడుతుందేమో, అంతే. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, ప్లగ్, బ్రేకులు రెండింటికీ ఇంచుమించు ఒకటే. స్కూటర్‌కి వెనక గేర్ ఆయిల్ అని విడిగా చిన్న సీసా పోయాలి. చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు.

మాస్టారి 7,300కి నా వెయ్యి కలిపితే 8,300. కిలోమీటరుకి 70 పైసలు. స్కూటర్‌కీ బైక్‌కీ ఉన్న తేడా ఇదీ.

కూకట్‌పల్లి వాసి

అన్న చెప్పిన 70 పైసలు 100 సీసీ బైక్‌తో పోల్చినప్పుడు. మా ఆఫీసులో బైక్ అంటే 160 సీసీ తక్కువ ఎవరూ కొనట్లేదు. ఆ బళ్లు సిటీలో 40, 45 ఇస్తాయి. అప్పుడు స్కూటర్‌కీ దానికీ పెట్రోల్‌లో తేడా ఏముంది? పైగా ఇన్సూరెన్స్ పెరుగుతుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే ఇన్సూరెన్స్) రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 మించని బండికి ఏడాదికి 714, అది స్కూటరైనా బైకైనా ఒకటే. 150 దాటి 350 వరకు 1,366, జీఎస్టీ అదనం. టైర్లు, చైన్ సెట్టు కూడా ఆ సైజుకు తగ్గట్టే ఉంటాయి. కాబట్టి "బైక్ చవక" అనకండి, "100 సీసీ బైక్ చవక" అనండి.

ఇంకొకటి. నేను కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మీదుగా రోజూ పోతాను. ఆ ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం వదిలి నడపాలి. ఎడమ చెయ్యి నొప్పి, క్లచ్ ప్లేట్లు తొందరగా పోతాయి. అక్కడ నాకు స్కూటరే కరెక్ట్ అనిపించింది, కొన్నాను. రోజుకు పన్నెండు కిలోమీటర్ల లోపే తిరుగుతాను, 70 పైసల తేడా నెలకు 250 దాటదు.

గుంటూరు కుర్రాడు

అన్నా, నేను చూస్తున్నది 100 సీసీనే. నా దారిలో సిగ్నళ్లు తక్కువ, హైవే ఎక్కితే 50, 60 స్పీడులో సాఫీగా పోవచ్చు.

షెడ్డు అన్న (తెనాలి)

అలాంటి దారిలోనే 100 సీసీ బైక్ బాగా ఇస్తుంది తమ్ముడూ. టాప్ గేర్‌లో పెట్టి ఒకే స్పీడులో పోతే 65 వచ్చినా ఆశ్చర్యం లేదు. ట్యాంకు కూడా చూసుకో. స్కూటర్‌కి ఐదు లీటర్ల చిల్లర, బైక్‌కి తొమ్మిదీ పదీ. నీ తిరుగుడికి స్కూటరైతే ఐదు రోజులకోసారి బంక్ లైన్లో నిలబడాలి. ఆ దారిలో లారీలు, బస్సులు పక్కనుంచి దూసుకుపోతుంటాయి. రాత్రిపూట గుంతలో పడితే చిన్న చక్రం హ్యాండిల్‌ని లాగేస్తుంది. ఇది ఖర్చు సంగతి కాదు, అయినా చెప్పకుండా ఉండలేను.

సత్తెనపల్లి పాలు

స్కూటర్, బైక్ అని కొట్టుకుంటున్నారు, టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ మాట ఎవరూ ఎత్తరేంటి? రెండు పాల క్యాన్లు, గడ్డిమోపు వేసుకుని చేలగట్ల మీద పోతుంది. గేర్లు లేవు, బెల్టు లేదు, చైను మీదే నడుస్తుంది. లీటరుకి 60 ఎక్కడికీ పోదు. మా ఊళ్లో ఏ షెడ్డులో అయినా సామాను దొరుకుతుంది. ఖర్చు ఒక్కటే చూసేవాడికి దాన్ని మించింది లేదు.

షెడ్డు అన్న (తెనాలి)

పాల బండిగా దానికి తిరుగులేదు. ఆ కుర్రాడు రోజూ హైవే మీద 40 కిలోమీటర్లు పోవాలి, దానికి ఒకే గేరు. 50 దాటితే ఇంజిన్ గోల పెడుతుంది. ఆ పనికి అది వద్దు.

వైజాగ్ రైడర్

మాస్టారూ, బండి ఒకటే కదా అన్నారు. ఆ మాట మీదే ఇంకో లెక్క చెప్తాను. ఆయన షిఫ్టు మారింది రాత్రికి. పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతారో చెప్పలేదు. మధ్యాహ్నం షిఫ్టు అయితే పొద్దున్న బండి ఇంట్లోనే ఉంటుంది, ఆవిడ పిల్లల్ని దించి, రైతుబజారుకి వెళ్లి వచ్చేస్తుంది. సాయంత్రం ఒక్కటే సమస్య.

ఆవిడ ఊళ్లు తిరగడానికి 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సు ఉచితమే, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ బడి, బ్యాంకు, ఆస్పత్రి, కూరగాయలు, ఇవన్నీ రెండు మూడు కిలోమీటర్ల లోపలి పనులు. మన గుంటూరు, వైజాగ్ వీధుల్లో వాటికి బస్సు రాదు, ఆటోనే. ఇంటి ఖర్చు రాసేటప్పుడు మగవాళ్ల పెట్రోలు ఒక్కటే ఖర్చుగా, ఆడవాళ్లు ఇచ్చే ఆటో ఛార్జీ ఇంటి సరుకుల్లో కలిపేసి రాస్తారు. అది నాకు నచ్చదు. ముందు ఆవిణ్ణి అడగండి, నెలకు ఆటోలకి ఎంతవుతోందో.

లెక్కల మాస్టారు

ఈ మాట ఒప్పుకోవాల్సిందే. నెలకు ఏడెనిమిది వందలు ఆటోలకే పోతుంటే నా తేడా అంతా దాంట్లోనే కొట్టుకుపోతుంది. బాబూ, షిఫ్టు టైములు చెప్పండి, ఆటో ఖర్చు చెప్పండి. అవి లేకుండా నేను ఇంకో అంకె వేయను.

తిరుపతి ఈవీ

వద్దన్నారు కానీ ఒక్క మాట. వంద కిలోమీటర్లకి నాలుగు యూనిట్లు, యూనిట్‌కి ఏడు రూపాయలు వేసుకున్నా 28 అవుతుంది. మాస్టారి లెక్కలో పెట్రోలు స్కూటర్‌కి అదే దూరానికి 244. ఓనర్‌ని అడిగి సబ్ మీటర్ పెట్టించుకోవచ్చు కదా?

గుంటూరు కుర్రాడు

అడిగానండీ, ఒప్పుకోలేదు. బ్యాటరీ మార్చాల్సి వస్తే ఆ ఖర్చు గురించీ భయముంది.

షిఫ్టు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9. మా ఆవిణ్ణి అడిగాను. ఆటోలకి నెలకు తొమ్మిది వందల దాకా అవుతోందట. నేను మూడొందలు అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. వైజాగ్ అక్కా, మీ మాట నిజమే. పాప బడి పొద్దున్న తొమ్మిదికి. సాయంత్రం మాత్రం ఆటో తప్పదు. కాబట్టి సగం మిగిలినా నాలుగైదు వందలు.

ఇప్పుడు ఇంకో దారి తగిలింది. మా ఆఫీసులో ఒకాయన 110 స్కూటర్ అమ్ముతున్నారు. 2021 మోడల్, 28 వేల కిలోమీటర్లు తిరిగింది. తక్కువలో ఇస్తానన్నారు. నేను కొత్త బైక్ తీసుకుని, ఈ స్కూటర్ ఇంట్లో ఉంచితే ఎలా ఉంటుంది? ఆయన బెల్టు ఎప్పుడూ మార్చలేదట, "ఇంకా బాగానే ఉంది" అంటున్నారు.

లెక్కల మాస్టారు

రెండు బళ్లంటే రెండు ఇన్సూరెన్సులు, రెండు సర్వీసింగులు, రెండు బ్యాటరీలు. స్కూటర్ రోజుకు ఐదారు కిలోమీటర్లే తిరిగితే నెల పెట్రోలు నాలుగు వందల యాభై దాటదు. ఆటో పూర్తిగా మానేస్తేనే ఇది గిట్టుబాటు. ఇప్పుడున్న థర్డ్ పార్టీ ఎప్పటిదాకా ఉందో కాగితం చూడండి. 2021లో కొన్నప్పుడు ఐదేళ్లకి కట్టి ఉంటారు, దగ్గరపడి ఉండొచ్చు, అయిపోయి కూడా ఉండొచ్చు. ఆర్‌సీ పేరు మార్పిడి అయ్యేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.

షెడ్డు అన్న (తెనాలి)

28 వేలకి బెల్టు మార్చలేదంటే అది "బాగానే ఉంది" కాదు తమ్ముడూ, తెగడానికి సిద్ధంగా ఉంది. అది తెగేముందు చెప్పి తెగదు. తెగితే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు, పిల్లతో రోడ్డు మధ్యలో ఆగిపోవాల్సి వస్తుంది.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లు. ముందే స్టార్ట్ చేసి ఉంచితే అనుమానించు. సెంటర్ స్టాండ్ వేసి స్టార్ట్ చెయ్, ఐడ్లింగ్‌లో వెనక చక్రం జోరుగా తిరగకూడదు. తర్వాత రోడ్డు మీద మెల్లగా కదిలించు. కదిలేటప్పుడు బండి మొత్తం వణికిందంటే క్లచ్ షూస్, బెల్ అరిగాయని. 30, 40 స్పీడులో యాక్సిలరేటర్ తిప్పితే శబ్దం పెరిగి బండి స్పీడు అందుకోకపోతే బెల్టు, రోలర్లు పోయాయి. ఎడమవైపు కవర్‌కి కొన్ని బోల్టులే, మీ దగ్గర మెకానిక్ చేత విప్పించి బెల్టుని వెనక్కి వంచి చూడమను, లోపలి పళ్ల దగ్గర చిన్న చిన్న పగుళ్లు కనబడతాయి. వెనక టైరు, వెనక షాక్ దగ్గర ఆయిల్ కారడం కూడా చూడు.

బెల్టు, రోలర్లు, షూస్, వెనక టైరు కలిపి ఐదు వేల దాకా పెట్టాల్సి వస్తుందనుకుని ఆ ఐదు వేలు ధరలో తగ్గించమని అడుగు. తగ్గిస్తే తీసుకో. కొన్న రోజే షెడ్డుకి తీసుకెళ్లి బెల్టు మార్పించు, గేర్ ఆయిల్ కూడా మార్చమను. ఆ తర్వాతే మీ ఆవిడ చేతికి తాళం ఇవ్వు.