వేర్వేరు దేశాల విస్కీలకు మార్కులు వేసేముందు నీళ్లు కలిపి ఒకే స్ట్రెంగ్త్‌కి (ఆల్కహాల్ శాతానికి) తేవాలా, వద్దా?

రాగిబట్టీ:
ప్రశ్న సూటిగా పెడుతున్నా. ఐర్లండ్ రెడ్‌బ్రెస్ట్ 12 (పేరు పక్క అంకె పీపాలో ఉన్న ఏళ్లు) సీసాలో ఆల్కహాల్ 40 శాతం. స్కాట్లండ్ ఐలా దీవి లాగవులిన్ 16లో 43. మన బెంగళూరు అమృత్ ఫ్యూజన్‌లో 50. తైవాన్ కవలాన్ సోలిస్ట్‌ని పీపాలో ఉన్న స్ట్రెంగ్త్‌తోనే సీసాకెక్కిస్తారు కాబట్టి 57 ఉన్న సీసాలూ దొరుకుతాయి. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి వందకి మార్కులు వేస్తే "బాడీ" (నోట్లో నిండుదనం), "ఫినిష్" (మింగాక నిలిచే రుచి) గడుల్లో స్ట్రెంగ్త్ ఎక్కువున్న సీసాకే మొగ్గు వస్తోంది. అది డిస్టిలరీ పనితనం కాదు. ఆల్కహాల్‌కే నాలుక మీద ఒక బరువుంది, కొంచెం తీపి ఉంది, గొంతులో నిలబడే వేడి ఉంది. 40కి, 57కి మధ్య ఒకటి నిండుగా ఉందని, ఇంకోటి పల్చగా ఉందని రాస్తే మనం మార్కులు వేసింది ఆల్కహాల్‌కే గానీ విస్కీకి కాదు.

అందుకే అన్నిటినీ 40కి తెచ్చాకే మార్కులు వేయాలంటాను. నీళ్లు కలిపితే మందు చెడిపోతుందనేవాళ్లకు ఒక మాట. బట్టీ నుంచి 70 శాతం దగ్గర దిగిన సరుకుని స్కాట్లండ్‌లో మామూలుగా 63.5కి నీళ్లు కలిపే పీపాల్లో పోస్తారు. అమెరికా బర్బన్‌కైతే పీపాలోకి 62.5 మించి పోయకూడదని చట్టమే ఉంది. సీసాల్లో నింపేముందు చాలా విస్కీలకు మళ్లీ కలుపుతారు. మన చేతికొచ్చే సరుకు ఎప్పుడో నీళ్లు తాగిందే.

బార్లీగింజ:
రాగిబట్టీ గారూ, ఇది ఒప్పుకోను. సీసా మీది స్ట్రెంగ్త్ కూడా బ్లెండర్ (పీపాల సరుకు కలిపి సీసాకి సిద్ధం చేసేవాడు) తీసుకున్న నిర్ణయమే. పులుసులో ఉప్పు లాంటిది. రెండు హోటళ్ల పులుసుల్లో ఉప్పు సమానం చేసి పోటీ పెడితే వంటమనిషి చెయ్యి ఎక్కడ తెలుస్తుంది?

లఫ్రోయిగ్ 10 తీసుకోండి. బ్రిటన్‌లో 40 శాతం, అమెరికాలో 43. అదే డిస్టిలరీ, అదే వయసు. 43 సీసాలో నూనె జిడ్డులాంటి నిండుదనం ఎక్కువ, 40లో పొగ వెనక నీళ్లదనం వస్తుంది. రెండిటినీ 40కి దించి "రెండూ ఒకటే" అని రాస్తే 43 సీసా కొన్నవాడికి ఆ రివ్యూ ఎందుకు పనికొస్తుంది? కవలాన్ విషయంలోనూ అంతే. 20 మి.లీ. సోలిస్ట్‌ని 57 నుంచి 40కి తేవాలంటే 8.5 మి.లీ. నీళ్లు పోయాలి. అప్పుడు పల్చనయ్యేది ఆల్కహాల్ ఒక్కటే కాదు. షెర్రీ వైన్ పోసి ఉంచిన పీపా నుంచి దిగిన రంగు, వగరు, ఎండుపళ్ల తీపి అన్నీ అదే పాళ్లలో పల్చనవుతాయి. కొనేవాడి ఇంటికి వచ్చే సీసాకే మార్కులు వేయాలి.

రాగిబట్టీ:
బార్లీగింజ గారూ, 40 సీసా కూడా పీపాలోంచి తీసినప్పుడు 40 లేదుగా. డిస్టిలరీ దాన్ని అలాగే పల్చన చేసింది, దాని రంగూ వగరూ కూడా అప్పుడే తగ్గాయి. ఒకదానికి వాళ్లు కలిపారు, ఇంకోదానికి మనం కలుపుతున్నాం.

పొగమట్టి:
ఇద్దరూ నాలుక దగ్గరే ఆగారు. విస్కీలో ఎక్కువ పని ముక్కుది. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్ లెక్కలతో ఒక సంగతి చూపించారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం ఆల్కహాల్ 45 శాతం వరకూ ఉన్నప్పుడు ద్రవం పైపొరలో, గాలికి దగ్గరగా ఉంటుంది. 59 దాటితే ఆల్కహాల్ అణువులు దాన్ని చుట్టేసి లోపలికి లాగేస్తాయి. అందుకే 60 శాతం ఆల్కహాల్ ఉన్న పీటెడ్ మాల్ట్‌ని (పీట్ మట్టి పొగలో ఆరబెట్టిన మొలక బార్లీ విస్కీని) నీళ్లు కలపకుండా వాసన చూస్తే ముక్కు మండుతుంది గానీ పొగ అనుకున్నంత రాదు. నీళ్లు పడ్డాక గుప్పుమంటుంది.

బ్లెండింగ్ గదుల్లో శాంపిళ్లను 20 శాతం దగ్గరికి తెచ్చి వాసన చూసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇంట్లో చేయాలంటే లెక్క చాలా తేలిక: 20 మి.లీ. విస్కీ పోయండి, సీసా మీది శాతంలోంచి 20 తీసేయండి, మిగిలిన అంకె ఎంతో అన్ని మి.లీ. నీళ్లు పోయండి. రెడ్‌బ్రెస్ట్‌కి 20, లాగవులిన్‌కి 23, ఫ్యూజన్‌కి 30, 57 ఉన్న సోలిస్ట్‌కి 37. కలిపినప్పుడు ఘనపరిమాణం కొంచెం కుంచించుకుపోతుంది. కానీ ఆ తేడా ఇక్కడ అర మి.లీ. కూడా ఉండదు, వదిలేయొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఇలా చేస్తే ఒక గ్లాసులో 40 మి.లీ., ఇంకో గ్లాసులో 57 మి.లీ. తయారవుతాయి. మట్టం ఎక్కువున్న గ్లాసులో పైన ఖాళీ తక్కువ, వాసన వేరుగా వస్తుంది. అందుకని చిన్న గిన్నెల్లో కలిపి, ఒక్కోదాంట్లోంచి 30 మి.లీ. మాత్రం తులిప్ ఆకారపు గ్లాసుల్లోకి తీసుకుని, మూతపెట్టి ఐదు నిమిషాలు వదలాలి. నా పక్షం ఇది: ముక్కు మార్కులకు అన్నీ 20 దగ్గర, నోటి మార్కులకు సీసా స్ట్రెంగ్త్.

బార్లీగింజ:
పొగమట్టి గారూ, అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2023లో ప్రచురించిన పని కూడా చూడాలి. స్కాచ్, ఐరిష్, బర్బన్, రై కలిపి 25 విస్కీలు తీసుకుని నీళ్లు పెంచుకుంటూ పోయారు. 80 పాళ్ల విస్కీకి 20 పాళ్లు దాటి నీళ్లు పడేసరికి ఒకే రకానికి చెందిన విస్కీలు ఒకదానితో ఒకటి కలిసిపోయినట్టు వాసన వచ్చాయి. మరి మీరు లాగవులిన్‌లో విస్కీ కంటే ఎక్కువ నీళ్లు పోస్తున్నారు. రివ్యూ అంటేనే పక్కపక్క సీసాల మధ్య తేడా చెప్పడం. తేడాను చెరిపేసే పద్ధతితో మార్కులు వేయడమేంటి?

పొగమట్టి:
మంచి పాయింట్. దానికి జవాబు ఆ పనిలోనే ఉంది: దగ్గరపడ్డవి ఒక రకంలోనివే, స్కాచ్‌కీ బర్బన్‌కీ మధ్య తేడా పోలేదు. ఈ చర్చ వేర్వేరు దేశాల గురించే కదా. స్కాట్లండ్‌లోనే స్పేసైడ్ ప్రాంతపు రెండు షెర్రీ పీపా మాల్ట్‌ల మధ్య తేల్చాలంటే మాత్రం 20 పద్ధతి నేనూ వాడను. ఇంకొకటి, బ్లెండింగ్ గదిలో 20కి తెచ్చేది ముఖ్యంగా లోపం పట్టుకోవడానికి: గంధకం, తడిసిన అట్టపెట్టె వాసన, సరిగా వేరుచేయని టెయిల్స్ (బట్టీ చివర్లో దిగే సరుకు). ఆల్కహాల్ మంట ఇవన్నీ కప్పేస్తుంది. 57 దగ్గర బాగున్న సీసాలో 20 దగ్గర కాలిన అగ్గిపుల్ల వాసన వచ్చిందంటే అది పీపాలో ఉన్న దోషమే, నీళ్లు తెచ్చింది కాదు.

తూకంరాయి:
వాదన ఏదైనా కానీ, కొలతే తప్పయితే రెండూ దండగే. రివ్యూల్లో కనిపించే తప్పులు రాస్తున్నా.

"రెండు చుక్కల నీళ్లు వేశాక విచ్చుకుంది" అని రాస్తుంటారు. మామూలు డ్రాపర్‌లో మి.లీ.కి 20 చుక్కల దాకా పడతాయి. 30 మి.లీ. పెగ్గులో, 46 శాతం మందులో నాలుగు చుక్కలు వేస్తే అది 45.7 అవుతుంది. మారింది మూడో వంతు శాతం. ఆ విచ్చుకోవడంలో ఎక్కువ భాగం గ్లాసు పది నిమిషాలు గాలికి ఉండటం వల్ల వచ్చిందే. ఎన్ని మి.లీ. వేశారో రాయని నీళ్ల నోట్‌కి విలువ లేదు.

కొలవడానికి మెడికల్ షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి సూది లేకుండా చాలు, కొత్తది అయితేనే. తూకంతో చేసేవాళ్లు ఒక తప్పు చేస్తారు: 20 గ్రాములు తూచి 20 మి.లీ. అనుకుంటారు. ఆల్కహాల్ తేలిక. 60 శాతం విస్కీ 20 మి.లీ. అంటే సుమారు 18.2 గ్రాములే, 40 శాతం అయితే 19 గ్రాములు. 20 గ్రాములు పోస్తే 60 శాతం సరుకు 22 మి.లీ. పడింది. నీళ్లు మాత్రం గ్రాముకి మి.లీ.గా పోస్తారు, లెక్క మొత్తం పక్కకి పోతుంది.

నీళ్లు: బోరు నీళ్లు వద్దు, సున్నం రుచి వాటి నుంచే వస్తుంది. ఆర్వో నీళ్లు సరే. ఫ్రిజ్‌లోవి అసలు పోయకండి, చల్లబడితే వాసన ముడుచుకుంటుంది. వేసవిలో మన ఊళ్లలో గది 36, 38 ఉంటే దానికి తిరగబడ్డ సమస్య. గ్లాసులోంచి ముందు లేచేది ఆల్కహాలే, 43 కూడా 50లా పొడుస్తుంది. సీసానీ నీళ్లనీ 20, 22 డిగ్రీల ఏసీ గదిలో గంట ఉంచాకే మొదలుపెట్టండి.

వరస కూడా రాయాలి. తక్కువ స్ట్రెంగ్త్ ముందు, పీటెడ్ ఆఖరున. లాగవులిన్ తర్వాత రెడ్‌బ్రెస్ట్ పోస్తే అందులోని పళ్ల వాసన మీద అన్యాయంగా తీర్పిచ్చినట్టే. ఒక పూటకి ఐదు గ్లాసులు మించితే ముక్కు చెప్పేది నమ్మలేం. ఉమ్మడానికి ఒక గ్లాసు పక్కన ఉండాలి, మింగుతూ పోతే మూడోదానికే మార్కులు పెరుగుతాయి.

రాగిబట్టీ:
తూకంరాయి అన్నా, వరస పాయింట్ నా వైపే పడుతుంది. తక్కువ స్ట్రెంగ్త్ ముందు పెట్టాలంటే అర్థం, స్ట్రెంగ్త్ తేడా తీర్పుని పాడుచేస్తుందనే కదా.

తూకంరాయి:
పాడుచేస్తుంది, నిజమే. కానీ 40కి తేవడంతో సమానం అయిపోతుందనుకోవద్దు. చాలా 40 శాతం సీసాలు చిల్ ఫిల్టర్ చేసినవి. అంటే సున్నా డిగ్రీల దగ్గరికి చల్లబరిచి, గడ్డకట్టే కొవ్వు ఆమ్లాల ఎస్టర్లను వడకట్టేస్తారు. చేయకపోతే 46 లోపు అవి నీళ్లలో కరగక మబ్బుగా తేలతాయి. ఫిల్టర్ చేయని సోలిస్ట్‌నో, 46 శాతం ఉన్న ఆర్డ్‌బెగ్ 10నో మీరు 40కి తెస్తే గ్లాసు మసకబారవచ్చు. అది దోషం కాదు, మందు పాడవలేదు. కానీ ఇప్పుడు మీ ముందున్న రెండు 40ల్లో ఒకటి కొవ్వు తీసిన పాలు, ఇంకోటి చిక్కటి పాలు. సమానం చేశామనుకుని సమానం కానివాటికి మార్కులు వేస్తున్నారు. చేయాలంటే 46 మంచిది, అక్కడ మబ్బు కమ్మదు. 40, 43 సీసాలను పైకి తేలేం కాబట్టి వాటిని ఆ పోలికలోంచి తప్పించాలి.

వగరుచేదు:
వేడి దేశాల మాల్ట్‌ల గురించి ఎవరూ ఎత్తలేదు. స్కాట్లండ్‌లో పీపాలోంచి ఏడాదికి 2 శాతం దగ్గర ఆవిరైతే బెంగళూరులో 10 శాతం పైనే పోతుంది. చెక్కతో పని కూడా అంత వేగంగా జరుగుతుంది. నాలుగైదేళ్లకే రంగు, వగరు నిండిపోతాయి. అమృత్, పాల్ జాన్, ఇంద్రి లాంటివాటికి 46, 50 దగ్గర ఆల్కహాల్ తీపి ఆ వగరుని మోస్తుంది. 40కి దించితే తీపి తగ్గి, నాలుక అంచుల దగ్గర కాచిన టీ డికాషన్‌లా ఎండినట్టు తెలుస్తుంది. లాగవులిన్‌కి ఆ కష్టం అంత ఉండదు, నెమ్మదిగా ముదిరింది కాబట్టి. అంటే ఒకే స్ట్రెంగ్త్ అన్న నియమం చూడ్డానికి న్యాయంగా ఉన్నా మన మాల్ట్‌లనే ఎక్కువ దెబ్బకొడుతుంది. ఒకేసారి పోయకుండా 50 నుంచి 48, 46 అని దిగుతూ, మధ్యలో ఐదేసి నిమిషాలు ఆగి చూస్తే ఏ మెట్టు దగ్గర వగరు బయటపడిందో పట్టుకోవచ్చు. 20 మి.లీ. ఫ్యూజన్‌కి 48 కావాలంటే 0.8 మి.లీ., 46 కావాలంటే మొత్తం 1.7 మి.లీ. చాలు.

రాగిబట్టీ:
వగరు బయటపడితే అది ఆ విస్కీలో ఉన్నదే కదా, రాయాలి. మన మాల్ట్ అని దాచకూడదు.

వగరుచేదు:
దాచమనడం లేదండీ. 50 దగ్గర ఎంత, 46 దగ్గర ఎంత అని రాయండి. 40 దగ్గర ఒక్కచోటే చూసి "చేదు" అని మార్కులు కోయొద్దంటున్నా. ఫ్యూజన్‌ని 40 దగ్గర తాగమని తయారుచేసినవాళ్లెవరూ చెప్పలేదు.

గింజలగుత్తి:
చిన్న సందేహం. మన దగ్గర బ్లెండెడ్ సీసాలు చాలావరకు 42.8 శాతమే కదా, వాటిని ఈ లెక్కలో ఎలా పెట్టాలి? ఆ అంకె ఎక్కడిది?

తూకంరాయి:
పాత బ్రిటిష్ ప్రూఫ్ లెక్కది. 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం, అందులో నూటికి 75 వంతులు, అంటే 75 ప్రూఫ్, 42.8. గ్లెన్‌ఫార్క్లాస్ 105 పేరు కూడా ఆ లెక్కే, 105 ప్రూఫ్ అంటే 60 శాతం. మీ ప్రశ్నకి: 42.8ని లాగవులిన్ 43 పక్కన నేరుగా పెట్టొచ్చు, ఆ 0.2 తేడా ఎవరి నాలుకకీ అందదు. 40కే తేవాలంటే 20 మి.లీ.కి 1.4 మి.లీ. నీళ్లు. డబ్బు లెక్కకి కూడా ఈ అంకె పనికొస్తుంది. 750 మి.లీ. సీసాలో 57 శాతం ఉంటే, దాన్ని 42.8కి తెస్తే దాదాపు లీటరు అవుతుంది. ధరలు పోల్చేటప్పుడు ఎవరూ ఇది వేయడం లేదు.

బార్లీగింజ:
ధర గడిలో ఆ లెక్క వేయడానికి నాకు అభ్యంతరం లేదు. ముక్కుకి 20 దగ్గర ఇంకో చూపు అన్నా ఒప్పుకుంటాను, లోపాలు పట్టడానికి. కానీ ఆ అంకె మొత్తంలో కలవకూడదు. లోపం దొరికితే మాటల్లో రాయాలి, మార్కులు మాత్రం సీసా స్ట్రెంగ్త్‌కే.

రాగిబట్టీ:
40 పట్టు వదులుతున్నా, మబ్బు సంగతి విన్నాక దాన్ని నిలబెట్టలేను. 46 నుంచి పైనున్నవి మాత్రం 46కి తెచ్చి రెండో మార్కు వేయాల్సిందే, అదీ మొత్తంలో కలవాల్సిందే. లేకపోతే 57 సీసా పక్కన 46 సీసా ఎప్పటికీ "బాగుంది కానీ పల్చన" దగ్గరే ఆగిపోతుంది. స్ప్రింగ్‌బ్యాంక్ 10కి, పాల్ జాన్ బ్రిలియన్స్‌కి, రెండూ 46వే, వాటికి రెండో గడి అక్కర్లేదు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం. సోలిస్ట్‌కి 20 మి.లీ.కి 4.8 మి.లీ. నీళ్లు.

బార్లీగింజ:
మొత్తంలో కలిపే దగ్గర నేను ఒప్పుకోను. స్ట్రెంగ్త్, పోసిన నీళ్లు, ఆగిన నిమిషాలు మూడూ రివ్యూ మొదటి వరసలోనే రాయండి. నాకు నచ్చని అంకెని నేనే తీసేసుకుని చదువుకుంటాను.