ఒంటిపూట బడులు ఉంచాలా, తీసేయాలా?

నిజాంపేట అమ్మ:

మార్చి 15 వస్తోందంటే మా ఇంట్లో గుబులు మొదలవుతుంది. బడి పొద్దున ఎనిమిదింటికి పెట్టి పన్నెండున్నరకి వదిలేస్తారు. ఏప్రిల్ 23 దాకా ఇదే వరస, ఆ పైన ఎలాగూ వేసవి సెలవులు. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకి వెళ్లేవాళ్లమే. వారంలో మూడు రోజులు ఆఫీసుకి రావాల్సిందేనని మా కంపెనీ పట్టుబట్టింది. బాబు రెండో తరగతి. అత్తయ్యగారికి మోకాళ్ల ఆపరేషన్ అయింది, మా మూడో అంతస్తు ఎక్కలేరు. డే కేర్ వాళ్లు నెలన్నరకి రెండు నెలల డబ్బు అడుగుతున్నారు, పైగా బడి నుంచి తెచ్చుకునే పని మీదే అంటున్నారు.

కానీ నా అభ్యంతరం మా ఇబ్బంది ఒక్కటే కాదు. పిల్లల్ని ఎండ నుంచి కాపాడటానికి ఒంటిపూట అంటున్నారు కదా, మరి సూర్యుడు నడినెత్తిన ఉండగా రోడ్డు మీదకి వదిలితే అది కాపాడటం ఎలా అవుతుంది? పన్నెండున్నరకి మా బడి గేటు దగ్గర ఒకసారి నిలబడి చూడండి. వాచ్‌మన్ రేకు కింద నలుగురికే నీడ. మిగతా అందరం బండ్ల మీదే. సీటు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, బాబుని కూర్చోబెట్టే ముందు తడిగుడ్డ వేస్తాను. పిల్లలు బ్యాగులు నెత్తిన పెట్టుకుని ఆటోల కోసం వెతుక్కుంటుంటారు. అదే పిల్లలు నాలుగింటి దాకా లోపల ఫ్యాను కింద ఉంటే ఏం పోతుంది?

ఇంకో మాట. పదో తరగతి పరీక్షా కేంద్రం పడ్డ బళ్లలో మిగతా తరగతులకి ఒంటిగంట నుంచి ఐదింటి దాకా నడుపుతారు. ఆ పదిహేను రోజులు ఆ పిల్లలకి ఎండ తగలదా? ఒంటిపూట తీసేయాలన్నది నా అభిప్రాయం. మీరేమంటారు?

పల్నాడు పంతులు:

అమ్మా, మీ ఇబ్బంది అర్థమైంది. కానీ తీసేయాలన్న మాట మాత్రం ఒప్పుకోలేను. మాది రెంటచింతల వైపు ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాల. ఏప్రిల్ రెండో వారానికి నలభై దాటడం మాకు మామూలే. మీరు ఫ్యాను కింద అంటున్నారు. మా అయిదో తరగతి గదికి పైన శ్లాబు, పడమటి గోడకి కిటికీ. మధ్యాహ్నం రెండింటికి ఆ శ్లాబు వేడి దిగుతుంది చూడండి, ఫ్యాను తిప్పితే వేడిగాలే నెత్తిన కొడుతుంది. కరెంటు పోతే అదీ లేదు. పిల్లల నోట్‌బుక్కులు చెమటకి తడిసి పెన్ను అంటదు. ఒకమ్మాయి ముక్కులోంచి రక్తం కారి పడిపోతే తలకి తడిగుడ్డ చుట్టి కూర్చోబెట్టుకున్న రోజు ఉంది. ఆ వేళలో పాఠం చెప్పినా బుర్రకెక్కదు, నాకూ గొంతు రాదు.

మా దగ్గర పొద్దున 7:45కే మొదలుపెడతాం. మధ్యాహ్న భోజనం పెట్టే ఇంటికి పంపిస్తాం. వంట చేసే అక్కలు ఎండ ముదరకముందే పొయ్యి ఆర్పేయగలుగుతారు, అది కూడా చిన్న సంగతి కాదు. ఏసీ గదులున్న బళ్లని చూసి రాష్ట్రమంతటికీ ఒక తీర్మానం చేయకండి.

పరీక్షా కేంద్రాల సంగతి మీరు సరిగ్గా పట్టుకున్నారు. ఆ పదిహేను రోజులూ మధ్యాహ్నం బడి నడపడం తప్పే. నేనైతే ఆ కేంద్రాల్లో చిన్న తరగతులకి సెలవే ఇమ్మంటాను.

మిర్చి చేను అన్న (ఖమ్మం):

సార్, మీరు చెప్పింది గది గురించి. ఆ గదిల నుంచి బయటికొచ్చిన పోరగాడు ఏడికి పోతడో నేను చెప్త. మా వైపు మార్చి, ఏప్రిల్ల మిర్చి ఏరుడు జోరు మీద ఉంటది. నా భార్య పొద్దుగాల ఆరింటికి కూలికి పోతే సాయంత్రం దాక చేన్లనే. నేను కాయల బస్తాలు పట్టుకొని మార్కెట్ యార్డుల లైన్ల ఉంట. పన్నెండున్నరకి బడి ఇడిసిపెడితే ఇంటికాడ ఎవరుంటరు? తాళం. పిల్లలు నలుగురైదుగురు గుంపు కట్టి సాగర్ కాల్వకాడికి పోతరు. కాల్వ లేకుంటె బాయి, బాయి లేకుంటె మట్టి తవ్విన గుంత. ప్రతి ఎండకాలం ఏదో ఒక ఊళ్లె ఈతకు పోయి పాణం పోయిందన్న వార్త పేపర్ల చూస్తనే ఉంటం. నాకు ఎండదెబ్బ కంటె ఆ కాల్వ భయం ఎక్కువ.

ఒంటిపూట పల్లెటూరోళ్లకు మంచిగ ఉంటదని పట్నమోళ్లు అనుకుంటరు. ఉపాధి పనికి పోయెటోళ్లకు నిజమే, వాళ్లు పదకొండింటికల్ల ఇంటికొస్తరు. మిర్చికి, మామిడి తోటలకు పోయెటోళ్లకు కాదు. బడిల ఉంటె సార్ల కండ్ల ముందట ఉంటరు, నాకు గదే చాలు. పాఠం చెప్పకపోయినా మంచిదే.

రెండో షిఫ్టు నాన్న:

నిజాంపేట మేడమ్ గారూ, మీరు రాసినదాంట్లో నాకు ఒకటి గుచ్చుకుంది. మీవారు కూడా ఉద్యోగమే అన్నారు, గేటు దగ్గర నిలబడేది మాత్రం మీరే. మా ఇంట్లో ఆ పని నాది. మధ్యాహ్నం రెండింటి షిఫ్టు అడిగి తీసుకున్నాను. పన్నెండున్నరకి పాపని తెచ్చి, అన్నం పెట్టి, ఒకటిన్నరకి పక్క ఫ్లాట్ ఆంటీకి అప్పగించి బయల్దేరతాను. మా ఆవిడ నర్సు, నాలుగున్నరకి వస్తుంది. ఈ షిఫ్టు అడిగినప్పుడు మా మేనేజర్ "ఇంట్లో ఆడవాళ్లు లేరా?" అన్నాడు. జీతం పెంపు వేళ కూడా ఈ షిఫ్టు మాటే ఎత్తాడు.

బడిని మార్చమని అడిగే ముందు ఆఫీసుల్ని అడగాలన్నది నా వాదన. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, 50 మంది పనిచేసేచోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. చట్టంలో ఆ నాలుగుసార్లు తల్లికే, తండ్రి ఊసు లేదు. ఆ క్రెష్‌లు కూడా ఆరేళ్ల లోపు వాళ్లకని పెట్టినవే. మరి రెండో తరగతి పిల్లాడు ఎక్కడికి పోవాలి? ప్రభుత్వ ఉద్యోగం చేసే ఆడవాళ్లకైతే పిల్లల సంరక్షణ సెలవు ఆంధ్రలో 180 రోజులు, తెలంగాణలో 90 రోజులు సర్వీసు మొత్తం మీద వాడుకోవచ్చు. ప్రైవేటులో మనకి అలాంటిది ఏదీ లేదు. నెలన్నర పాటు ఇంటి నుంచి పని చేయనిస్తే కంపెనీ మునిగిపోదు కదా.

బెజవాడ అమ్మమ్మ:

అందరూ రాసింది చదివాను నాయనా. "పక్క ఫ్లాట్ ఆంటీకి అప్పగించి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, ఆ ఆంటీ తరఫున నేను మాట్లాడతాను. మా అంతస్తులో ముగ్గురు పిల్లలు మధ్యాహ్నం నా దగ్గరే ఉంటారు, నా మనవరాలు కాక. వాళ్లు నాకు బరువు కాదు, ముద్దే. కానీ నాకు బీపీ ఉంది. మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చకపోతే సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి. ఒకడు నిద్రపోతే ఇంకొకడు లేస్తాడు. మజ్జిగ కలపడం, పెసరట్టు పోయడం, టీవీ రిమోట్ దగ్గర తగువు తీర్చడం. ఇదంతా ఎవరూ పనిగా లెక్కపెట్టరు. నెలన్నర అయ్యాక వాళ్లమ్మలు ఒక చీరో స్వీటు డబ్బానో తెస్తారు. నేను అడిగేది అది కాదు, వారంలో ఒక్కరోజు నాకు సెలవు.

అయినా ఒంటిపూట ఉండాలనే అంటాను. పిల్లలకి ఏడాది పొడుగునా బడి, ట్యూషన్, హోంవర్కు. మధ్యాహ్నం అన్నం తిని చల్లని గచ్చు మీద పడుకుని, లేచి వామనగుంటలు ఆడుకునే కాలం ఈ ఒక్కటే మిగిలింది. దాన్నీ నాలుగింటి దాకా బెంచీలకి కట్టేస్తే ఎలా?

బడి ఆటో డ్రైవర్:

నేను రెండు స్కూళ్లకి ఆటో నడుపుతాను. మామూలు రోజుల్లో ఒక స్కూలు మూడున్నరకి, ఇంకోటి నాలుగుంపావుకి వదులుతారు. ఒక ట్రిప్పు దింపేసి రెండోదానికి వెళ్తాను, ఇబ్బంది లేదు. ఒంటిపూటలో రెండూ పన్నెండున్నరకే. ఆరుగురికి మించి ఎక్కించకూడదు, నాకూ తెలుసు, నాకూ పిల్లలున్నారు. ఒక స్కూలు పిల్లల్ని ముందు దింపితే రెండో స్కూలు పిల్లలు ముప్పావు గంట గేటు బయట నిలబడాలి, లోపల ఉండనివ్వరు. అందర్నీ ఒకేసారి ఎక్కిస్తే ఇనుప రాడ్డుకి చేతులు కాలతాయి, పోలీసులు ఆపుతారు. పేరెంట్స్ నాకే ఫోన్ చేసి తిడతారు. స్కూళ్లవాళ్లు మాట్లాడుకుని ఒకరు పదకొండున్నరకి, ఒకరు పన్నెండున్నరకి వదిలినా చాలు. ఈ మాట స్కూల్లో చెబితే ఆటోవాడి మాట ఎవరూ వినలేదు. మీరు చెబితే వింటారు.

పల్నాడు పంతులు:

ఖమ్మం తమ్ముడు రాసిన కాల్వ సంగతికి నా దగ్గర సమాధానం లేదు. మా పిల్లల్లోనూ కుడి కాల్వకి పోయేవాళ్లున్నారు. ప్రార్థన వేళ రోజూ చెబుతాం, అంతకంటే మా చేతిలో ఏముంది?

అయితే బడి నాలుగింటి దాకా తెరిచి ఉంచమంటే మాత్రం, ఎవరు ఉండాలో కూడా చెప్పండి. మార్చిలో సగం మంది టీచర్లం పది పరీక్షల ఇన్విజిలేషన్‌లో ఉంటాం. ఏప్రిల్‌లో హైస్కూలు వాళ్లు స్పాట్ వాల్యుయేషన్‌కి, అంటే ఆ పరీక్షల పేపర్లు దిద్దడానికి, జిల్లా కేంద్రానికి పోతారు. మిగిలిన ఒకరిద్దరు పొద్దున ఏడున్నరకి వచ్చి సాయంత్రం నాలుగింటి దాకా ఉండాలంటే ఎనిమిదిన్నర గంటలు. ఆ వేళలో పిల్లాడికి ఏదైనా అయితే సంజాయిషీ నోటీసు ఎవరికొస్తుంది? రెండో షిఫ్టు బాబు సెలవుల గురించి రాశాడు. నేను మగవాణ్ని, ఆ 180 రోజులు నాకు లేవు. నా భార్య కూడా టీచరే. ఇద్దరం పిల్లల్ని వాళ్ల బడి నుంచి తెచ్చుకోలేక ఇదే తిప్పలు పడుతున్నాం.

నిజాంపేట అమ్మ:

మాస్టారూ, మీ గది సంగతి చదివాక రాష్ట్రమంతటా తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒంటిపూట ఉండనివ్వండి. కానీ పాఠం ఆపడం వేరు, గేటు మూసేయడం వేరు. మా బడిలో ఫ్యాన్లున్నాయి, జనరేటర్ ఉంది, ఆయాలున్నారు. బస్సు ఫీజు, బడి ఫీజు ఒంటిపూట రోజులకి కూడా పైసా తగ్గకుండా కట్టించుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు లేని పిల్లల్ని రెండు గదుల్లో నాలుగింటి దాకా ఉంచమని అడిగితే, అది మా పని కాదన్నారు. అదే పదో తరగతి వాళ్లకి మాత్రం సాయంత్రం ఆరింటి దాకా స్టడీ అవర్స్ నడుపుతున్నారు. ర్యాంకుల కోసం తెరిచే గేటు, చిన్నపిల్లాడికి నీడ కోసం ఎందుకు తెరవరు? పాఠాలు వద్దు, హోంవర్కు వద్దు, కింద చాపలు వేసి పడుకోబెడితే చాలు. అమ్మమ్మగారు చెప్పిన మధ్యాహ్నం నిద్ర అక్కడా పోవచ్చు.

రెండో షిఫ్టు నాన్నగారూ, మీ మాటకీ జవాబు చెప్పాలి. మావారి ఆఫీసు గచ్చిబౌలి అవతల, నాది మియాపూర్. దగ్గరున్నవాళ్లే వెళ్లాలని మేమిద్దరం అనుకున్నదే. అయినా మీరన్నది పూర్తిగా తోసిపుచ్చలేను. బాబుకి జ్వరమని బడి నుంచి ఫోన్ వచ్చేది ఎప్పుడూ నాకే, ఆయన నెంబరు కూడా ఫారంలో రాసిచ్చినా సరే.

మిర్చి చేను అన్న (ఖమ్మం):

సార్ అడిగిన దానికి నాకు తోచింది చెప్త. ఎవరు ఉండాలె అన్నరు కదా. మా తెలంగాణల 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిన్రు. మహిళా సంఘం అక్కలే అందుల ముందుంటరు. ఫ్యాన్లు, నల్లాలు, చిన్నచిన్న మరమ్మతులు వాళ్ల చేతుల మీదనే నడిచినయి. గా అక్కల్ల ఇద్దరికి రోజు కూలి ఇచ్చి బడిల కూసోమంటె రారా? ఊరోళ్లే, ఏ పోరడు ఎవని కొడుకో ఎరుకే. కాల్వ దిక్కు పోతున్నోన్ని పేరు పెట్టి పిలిచి ఆపుతరు. సార్లు ఇంటికి పోవచ్చు. పైసలు పంచాయతీ ఇస్తదా, మండలం ఇస్తదా అన్నదే తేలాలె. మా సంఘం అక్కను అడిగిన, కూలి ఇస్తె నేనే ఉంట అన్నది.

పల్నాడు పంతులు:

ఆ మాట బాగుంది తమ్ముడూ. అక్కలు ఉంటారంటే తాళంచెవి నేనే ఇస్తాను. కాకపోతే మా శ్లాబు గదిలో వద్దు, వరండాలో. తూర్పు వైపు వేపచెట్టు ఉంది, రెండు దాటితే అక్కడే నీడ.

ఆటో అబ్బాయి చెప్పినట్టు వేర్వేరు వేళలకి వదలడం పట్నంలో పనికొస్తుందేమో గానీ, ఒకే బడిలో చిన్న తరగతుల్ని ముందు వదలమంటే మాకు కుదరదు. తండా నుంచి వచ్చే రెండో తరగతి తమ్ముణ్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది ఏడో తరగతి అక్క. ఇద్దర్నీ ఒకేసారి వదలాలి. అందర్నీ పదకొండున్నరకే వదిలేలా బడి ఏడింటికి మొదలుపెట్టండని మా మండలం మీటింగులో అడిగాను. తండా పిల్లలు ఏడింటికల్లా రాలేరన్నారు. మీ వైపు ఎవరైనా ఏడింటికి నడిపిన బడి ఉంటే, పిల్లలు ఎంతమంది వచ్చారో ఇక్కడ రాయండి. వచ్చే మీటింగులో చూపిస్తాను.