డీసీ-7సీయా, డీసీ-6బీయా? జెట్లకు ముందు అసలు మొనగాడు ఏది?

పాతరెక్కలు:
జెట్లు రాకముందు అట్లాంటిక్ దాటిన ప్రొపెల్లర్ విమానాల్లో డగ్లస్ కంపెనీ డీసీ-7సీని మించింది లేదని నా వాదన. 1956లో అమెరికా విమాన కంపెనీ పాన్యామ్ దాన్ని రంగంలోకి దింపేదాకా లండన్ నుంచి న్యూయార్క్ వైపు ఎదురుగాలిలో వస్తుంటే చాలాసార్లు కెనడా తూర్పు కొసన ఉన్న గాండర్‌లో దిగి పెట్రోలు పోయించుకోవాల్సిందే. రెక్కల మొదట్లో చెరో 5 అడుగులు పెంచారు, ఎక్కువ పెట్రోలు పట్టింది, ఇంజన్లు దూరం జరిగాయి కాబట్టి లోపల మోతా తగ్గింది. కాదనేవాళ్లు రండి.

స్పానర్ మావయ్య:
రెక్క సరే అన్నా, దానికి తగిలించిన ఇంజను మాటేంటి? రైట్ ఆర్-3350 టర్బో కాంపౌండ్, 18 సిలిండర్లు, బయటికి పోయే వేడి పొగతో 3 టర్బైన్లు తిరిగి ఆ బలాన్ని మళ్లీ ప్రొపెల్లరు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కే ఇస్తాయి. కాగితం మీద అద్భుతం, ఇంజనుకి దాదాపు 450 హార్స్‌పవర్ అదనం. గాల్లో మాత్రం టెన్షన్. దారిలో ఒక ఇంజను ఆగిపోవడం మామూలే కాబట్టి ఇలాంటి నాలుగింజన్ల విమానాలను 'అట్లాంటిక్ దాటే బెస్ట్ మూడింజన్ల విమానం' అని ఊరికే ఎగతాళి చేయలేదు. డగ్లస్‌వాళ్లదే పాత డీసీ-6బీలో ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800, టర్బైన్లూ లేవు గొడవా లేదు. జెట్లు రాగానే రెండూ ఉన్న కంపెనీలు సాధారణంగా ముందు వదిలించుకున్నది కొత్తదైన డీసీ-7నే.

పాతరెక్కలు:
అది ఇంజను తప్పు కాదు, టైమ్ తప్పు. 1958 అక్టోబరులో కామెట్ 4, బోయింగ్ 707 జెట్లు రెండూ అట్లాంటిక్ మీదికి వచ్చేశాయి, దూరాల కోసం కొన్న విమానం నుంచి ఆ దూరాలే లాగేసుకుంటే కంపెనీ ఏం చేస్తుంది? 1957లో స్కాండినేవియా విమాన కంపెనీ ఎస్‌ఏఎస్ ఉత్తరధ్రువం దారిలో, మధ్యలో అలాస్కాలోని ఒక్క యాంకరేజ్‌లో ఆగి కోపెన్‌హాగన్ నుంచి టోక్యో వెళ్లింది 7సీతోనే. 6బీతో చేసి చూపించమనండి.

స్పానర్ మావయ్య:
అదే ఎస్‌ఏఎస్ 1954లోనే 6బీతో ధ్రువపు దారిలో లాస్ ఏంజెలెస్ వెళ్లింది. రెండు చోట్ల ఆగింది, ఆగితే ఏం పోయింది?

గోవా గాలి:
లాక్‌హీడ్‌ని ఇద్దరూ వదిలేశారేం? ఆ కంపెనీ స్టార్‌లైనర్‌కి 150 అడుగుల కొత్త రెక్క, 1957లో అమెరికా విమాన కంపెనీ టీడబ్ల్యూఏ లండన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ఆగకుండా 23 గంటలకు పైగా నడిపింది. పాపం, తయారైనవి 44. ఇంజను మాత్రం మావయ్య తిట్టేదే. ఎయిర్ ఇండియా నడిపిన లాక్‌హీడ్ సూపర్ కాన్‌స్టెలేషన్లలోనూ అదే, అవి తర్వాత మన వైమానిక దళానికి, 1976లో నేవీకి వెళ్లి గోవా నుంచి 1980ల మొదటిదాకా సముద్రం మీద కాపలా కాశాయి. అంత చెత్త ఇంజనైతే అన్నేళ్లు నడుస్తుందా?

స్పానర్ మావయ్య:
నేవీ విమానంలో టికెట్ కొన్నవాళ్లు ఉండరు తమ్ముడూ, ఇంజను మొరాయిస్తే వెనక్కి తిరిగితే సరి. డబ్బు లెక్కే కావాలంటే అలాస్కా చూడు, అక్కడ పాత డీసీ-6లు 2020లలో కూడా సరుకు మోశాయి. సరుకు మోసే డీసీ-7 అప్పటికి ఎక్కడైనా మిగిలిందా చెప్పు.